జాడింపు

రంగు ఎక్కిస్తామన్నారు.
గుండె పట్టుకునే నవ్వాడు నాన్న.
నలభై రెండేళ్ళుగా పట్టుకి రంగెక్కించిన మనిషి,
గోళ్ళ సందుల్లో ఇంకా మొన్నటి మెరూన్ ఉన్న మనిషి.
"ఏ రంగు?" అని అడిగాడు.

సంజుక్త సిస్టరు సీసా చూపించింది.
అందులో ఏ రంగూ లేదు.
నీళ్ళే, కాస్త చిక్కటి నీళ్ళు.
"ఇదేటి రంగమ్మా" అన్నాడు తెలుగులో.
ఆమె ఒడియాలో ఏదో అంది.
అర్థమైనట్టే ఇద్దరూ తలలూపుకున్నారు.
బరంపురంలో సగం బతుకు అలాగే గడుస్తుంది.

కాగితం మీద సంతకం నాది.
కిడ్నీల మీద భారం పడొచ్చు,
క్రియాటినిన్ ఇప్పటికే ఒకటి పాయింట్ ఏడు,
షుగరు పదమూడేళ్ళది,
అయినా ఆగితే గుండె ఆగుతుంది,
అని డాక్టరు ఒక్క ఊపిరిలో చెప్పాడు.
నేనూ ఒక్క ఊపిరిలోనే పెట్టాను.
పెన్ను ఆయనది. తిరిగివ్వడం మర్చిపోయాను.

తర్వాత తెర మీద చూపించారు.
ఆ రంగులేని నీళ్ళు లోపలికెళ్ళి నల్లబడ్డాయి.
నాన్న గుండె చుట్టూ
విప్పి ఆరేసిన చిలపల్లా నరాలు.
ఒకచోట, ఇక తెగుతుందన్నంత సన్నం.
అక్కడ స్టెంటు వేశారు. నొప్పి పోయింది.
సాయంత్రం టీ అడిగాడు.

ఆ తర్వాతి కథంతా ఒక ప్లాస్టిక్ జగ్గుది.
"పరిస్రా కేతే హెలా?"
రెండు గంటలకోసారి సిస్టరు అడిగేది అదే,
ఒంటేలు ఎంతయిందని.
రాయడానికి కాగితం లేక
సంచిలోంచి రంగుల పుస్తకం తీశాను.
ఎడమ పేజీలో
కుంభాల అంచుకి ఎరుపు, ఇన్ని తులాలు, ఇంతసేపు మరుగు.
కుడి పేజీలో
ఆరింటికి రెండు వందలు.
పదింటికి నూట పది.
తెల్లారగట్ల మూడింటికి నలభై.
ఆ కింద ఒక గీత.
గీత అంటే ఏమీ రాలేదని.

పాదం నొక్కితే గుంట పడి అలాగే ఉండేది.
రెండు పాయింట్ ఆరు.
మూడు పాయింట్ నాలుగు.
నాలుగు పాయింట్ ఒకటి.

పక్క మంచం మీద పోలారావు, కవిటి మనిషి.
కూతురింట్లో ఉంటూ డయాలసిస్‌కి వస్తాడు, ఏడేళ్ళుగా.
ఈ అంకెలు అతనికి ఎక్కాల్లా వచ్చు.
"నాకే రంగూ ఎక్కించనేదు" అన్నాడు.
"జీడితోటలో పని సేశాను, బావి నీళ్ళు తాగాను. అంతే."
ఏమనాలో తెలియక కొబ్బరి బిస్కట్టు ఇచ్చాను.
తినకూడదంటూనే సగం విరిచి తీసుకున్నాడు.

నాలుగో రాత్రి నాన్న, మెలకువలోనే, అన్నాడు:
"అద్దడం సగం పనే అమ్మీ.
మిగతా సగం జాడింపు.
చేతులు పడిపోయినా సరే, నీళ్ళు తేటపడాలి.
లేదంటే కట్టుకున్నవాళ్ళ ఒంటికే అంటుతుంది."
కాసేపాగి,
"లోపల జాడించేవోళ్ళు అలిసిపోయినట్టున్నారు."

ఎవరినైనా తిట్టుకోవాలనిపించేది.
డాక్టరుని, నా సంతకాన్ని, షుగరుని,
వెనకింట్లో మరిగే తొట్టి ఆవిరిని.
ఏ తప్పూ ఎవరి మీదా గట్టిగా పట్టలేదు,
ఒక్క ఉతుక్కే వెలిసిపోయే రకం.
ఎక్కించకపోతే కొలవడానికి మనిషే ఉండేవాడు కాదన్నారు.
నిజమే.
నిజమైనంత మాత్రాన నిద్ర పట్టదు.

ఐదో రోజు, ఐదుంపావుకి,
జగ్గులో చప్పుడు.
నూట నలభై దగ్గర ఆగింది.
కిటికీ దాకా మోసుకెళ్ళి వెలుతురుకి ఎత్తి చూశాను.
ముదురు పసుపు.
మా పుస్తకంలో దానికో పేరుంది, నాన్న పెట్టిందే:
దానిమ్మ తొక్క, రెండో ఉడుకు.

అంకె దిగుతూ దిగుతూ
రెండు పాయింట్ రెండు దగ్గర కూర్చుంది.
పాత చోటికి రాలేదు. రాదేమో అన్నారు.

ఇంటికి రాగానే గుమ్మంలోనే అడిగాడు,
ఆ రోజు నానేసిన చిలపలేమయ్యాయని.
ఎవరూ తియ్యలేదు. తొట్టిలోనే ఉన్నాయి.

ఆయన పీట మీద, నేను కుళాయి దగ్గర.
నేను జాడిస్తున్నాను, ఆయన కాలవలో నీళ్ళకేసి చూస్తున్నాడు.
"ఇంకా" అంటాడు.
"ఇంకా."